తెల్లబడిన ఆరింటి గడి

సాయంత్రం అయిదున్నర అయింది. వానకు జడిసి కార్యాలయమంతా ముందే ఖాళీ అయిపోగా, మూడవ అంతస్తులో మూల బల్ల దగ్గర ఇంజనీరమ్మ ఒక్కతే మిగిలింది. ఇళ్లమీద సౌరఫలకాలకూ వాటి బ్యాటరీలకూ లెక్కకట్టడం ఆమె వృత్తి. పదేళ్లుగా అందరూ ‘ఇంజనీరమ్మా’ అనే పిలుస్తుండగా అసలు పేరు ఆమెకే పరాయిదైపోయింది.

ఈనాటి ఇల్లు మాత్రం ఆమెదే. తండ్రికి ఊపిరితిత్తులు చెడి ఆరు నెలలు. మంచం పక్కనున్న ఆక్సిజన్ యంత్రం ఆగితే ఆ ప్రాణం పావుగంట నిలవదు. గాలివానకు కరెంటు పోవచ్చునని ఉదయమే హెచ్చరిక వచ్చింది. బ్యాటరీ బిగింపు పూర్తయింది. ఆరు గంటలలోగా కరెంటు ధరల పట్టికను ఇక్కడినుంచి పంపడమే తరువాయి.

ఆ పట్టిక చదరంగపు బల్లను పోలి ఉంటుంది. గంటకొక గడి. ధర హెచ్చిన గంటకు ఎరుపు, తగ్గిన గంటకు పచ్చ. ఆ రంగులు చూసుకొనే బ్యాటరీ తాను నిండడమో, ఇంటికి ఇవ్వడమో చేస్తుంది. రంగు వేయని గడి కనిపిస్తే, ఆ గంట కరెంటు ఉచితమని తలచి మొద్దునిద్ర పోతుంది.

ఫోను మోగింది. ఇంటివద్దనున్న తీగల మేస్త్రీ.

“ఏమ్మా ఇంజనీరమ్మా, ఇంకా రంగులేస్తూనే ఉన్నావా? మా మనవరాలైతే ఈపాటికి రెండు బొమ్మల పుస్తకాలు నింపేసేది!”

“అయిపోవచ్చింది మామా. నాన్న ఎలా ఉన్నారు?”

“నా పనికి వంకలు పెడుతున్నారు. అంటే బాగున్నట్టే.”

ఆమె నవ్వుకొని, సాయంత్రం ఆరింటి గడికి ఎరుపు వేసి, ఏడింటి గడికి వెళ్లింది. యథాలాపంగా వెనక్కు చూసింది.

ఆరింటి గడి తెల్లగా ఉంది.

మళ్లీ వేసింది. రెప్ప వాల్చి తెరిచేలోగా మళ్లీ తెలుపు.

ఆ తెలుపు ఆమెకు కొత్త కాదు. నెల క్రితం ఒక వృద్ధురాలి ఇంటికి, తొందరలో, వేరొక ఇంటి పట్టికను తెచ్చి అతికించింది. అక్కడ ధర మారే వేళ వేరు, ఇక్కడ వేరు. నడుమ ఆరింటి గడి ఖాళీగా మిగిలింది. సరిగ్గా ఆ గంటలోనే కరెంటు పోయింది. బ్యాటరీ నిద్రలేవలేదు. ఆ వృద్ధురాలి ఆక్సిజన్ యంత్రం ఆగి, ప్రాణం పోయింది. కొడుకు వచ్చి అడిగితే, “గాలివాన అండీ, మన చేతుల్లో ఏముంది?” అని పంపేసి, ఆ రాత్రే ఖాళీ గడిని నింపి, గుట్టుగా కూర్చుంది.

అయిదూ యాభై. కిటికీ అద్దాలమీద వాన టపటపా కొట్టింది. గదిలోకి తడిసిన దుప్పటి వాసన, దానివెంట కర్పూరపు లేపనం వాసన... ఆ వృద్ధురాలి గదిలో పీల్చిన వాసన.

వెనుకనుంచి ఒక చప్పుడు.

బుస్... బుస్...

యంత్రం ఊపిరి. ఇక్కడ యంత్రమేదీ లేదు.

ఎరుపు. తెలుపు. ఎరుపు... తెలుపు.

“టైమెంతయిందమ్మా?”

చెవి పక్కనే. కొలతలకు వెళ్లిననాడు ఆ పెద్దావిడ చేయి పట్టుకొని అడిగిన మాట అదే.

అయిదూ యాభై ఎనిమిది.

ఆమె వెనుదిరగలేదు. తిరగలేకపోయింది. “తప్పు నాదే...” అంది. “గాలివానది కాదు. నాదే. మీ అబ్బాయికి చెప్తాను. మా నాన్నను మాత్రం వదిలెయ్యండి...”

చప్పుడు ఆగింది.

ఎరుపు నిలిచింది.

వెంటనే పట్టికను పంపింది. ఆరూ అయిదుకు ఫోను మోగింది.

“కరెంటు పోయిందమ్మా! కానీ బ్యాటరీ అందుకుంది. నాన్నగారి మిషన్ ఆగనే లేదు!”

ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. తెల్లవారేదాకా వచ్చేలా కట్టిన లెక్క అది. ఇక భయం లేదు.

“ఒక్క మాట...” మేస్త్రీ గొంతు తగ్గింది. “నువ్వు ఒక్క మిషన్‌కే కదా లెక్క కట్టింది? మరి ఇక్కడ రెండింటి వాడకం చూపిస్తోందేంటి? ఈ లెక్కన నడిరాత్రికే అయిపోతుంది.”

“రెండోది తీసెయ్యి మామా... వెంటనే తీసెయ్యి!”

“వెతికాను తల్లీ. గోడకున్నది ఒక్క ప్లగ్గే.”

గుసగుసలాంటి మరో గొంతు ఫోనులో దూరంనుంచి వినిపించింది. తండ్రిది.

“ఉండనీరా... పాపం, నెల్లాళ్లనుంచి ఊపిరి లేదటావిడకు.”