ముఖం తిప్పుకున్న పసుపు

ఉదయం 6:40. కుంకుమపువ్వు గొట్టం ఖాళీ.

తాళం పగల్లేదు. గాజు చిట్లలేదు. జానెడు ఎత్తున నింపిన పువ్వు మాత్రం మాయమైంది.

8:15కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఉద్యానవనం నడిమధ్యన, ఆరుబయట, ఆరు గాజు గొట్టాలు తూర్పుముఖంగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక గోడ. ఒక సెంటు నేల ఏడాదిలో ఏ దినుసు ఎంత పండిస్తుందో, గొట్టంలో అంత ఎత్తు. పసుపు ఛాతీదాకా, మిరియాలు నడుందాకా. లెక్కలు చదవక్కర్లేదు, కళ్ళుంటే చాలు. పదింటికి నిపుణుల బృందం చూడ్డానికి వస్తోంది.

"దొంగ ఇతనే," అన్నాడు డైరెక్టర్. "గొట్టాల తాళంచెవి ఇతని చేతిలోదే. పదిలోగా తేలకపోతే పనిలోంచి తీసేస్తాను."

తోటమాలి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు.

"తాళంచెవి ఎక్కడ పెడతావు పెద్దాయనా?"

"పనిముట్ల గదిలో మేకుకి సార్. అందరికీ తెలుసు."

"పొద్దున వచ్చి ఏం చేశావు?"

"రోజూలాగే గాజు తుడిచాను. ఇవాళ పసుపు కొత్త చొక్కా తొడుక్కున్నట్టు నిగనిగలాడింది. పక్కన చూస్తే పువ్వు లేదు."

"పువ్వు పోయి మేమేడుస్తుంటే నీకు పసుపు కబుర్లా!" డైరెక్టర్ కసిరాడు.

ఇన్‌స్పెక్టర్ గార్డుని పిలిచి అడిగాడు. నిన్న బయటికెళ్ళిన ప్రతి సంచీనీ గేటు దగ్గర గార్డు విప్పి చూశాడు. అంటే, పువ్వు గేటు దాటలేదు.

గాజు ఫిట్టర్ వైపు తిరిగాడు. "నువ్వు?"

"నిన్న మధ్యాహ్నం మూతలు బిగించి వెళ్ళిపోయాను సార్. మొండి మూతలు. తిప్పితే గొట్టమే తిరిగిపోతుంది. అందుకే అడుగున బాణం గుర్తు పెట్టుకున్నా. అది తూర్పుకి తెచ్చిగానీ అడుగు కదపను."

"మీరమ్మా?"

ఇవన్నీ గీసిన డిజైనర్ గొంతు సవరించుకుంది. "గొట్టాలు నింపిన రోజే ఊరెళ్ళాను. ఇరవై రోజుల తర్వాత నిన్న సాయంత్రం 6:20కి వచ్చాను. మసక పడింది. ఒకసారి చూసి వెళ్ళిపోయాను."

"ఏమైనా ముట్టుకున్నారా?"

"లేదండీ."

9:05. ఇన్‌స్పెక్టర్ గొట్టాల వెనక్కి, గోడ సందులోకి దూరాడు. ఎంతకీ రాడు.

"గోడని విచారిస్తున్నారా?" అన్నాడు డైరెక్టర్.

"అవునండీ. మీకంటే అదే నయం. చూసిందే చెబుతోంది."

భుజాల దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"తీగ మీద మరిచిపోయిన చొక్కా ఎండ తగిలినవైపే వెలుస్తుంది. ఇరవై రోజులుగా పొద్దుటెండ వీటి ముందువైపు కొట్టింది. మిరప్పొడి చూడండి. ముందు పాలిపోయింది, వెనక ఎర్రగా ఉంది. పసుపు మాత్రం తిరగబడింది. ముందు నిగనిగ, వెనక వెలవెల."

ఫిట్టర్ కళ్ళు పెద్దవయ్యాయి. "మూత తిప్పారు!"

"తిప్పారు. గొట్టం వెనక్కి తిరిగింది. అలాగే వదిలేశారు. నువ్వైతే బాణం చూసేవాడివి. పెద్దాయనైతే వెలిసినవైపు రోజూ తుడుస్తున్నాడు, ఇట్టే పసిగట్టేవాడు. రంగు వెలుస్తుందని తెలియనిది ఒక్కరికే. ఆవిడ వెళ్ళిననాడు పసుపు చుట్టూ ఒకేలా ఉంది. ఆరుబయట పెట్టే వస్తువుని నాలుగు గోడల మధ్య కూర్చుని గీశారమ్మా మీరు."

మూత విప్పించాడు. ఫిట్టర్ పసుపులోకి మోచేతిదాకా చెయ్యి దించాడు. ప్లాస్టిక్ సంచీ. అందులో కుంకుమపువ్వు, అంతా భద్రంగా.

డిజైనర్ అరుగు మీద కూలబడింది. "లెక్కలో ఒక సున్నా ఎక్కువ పడిందండీ. గోరంత ఉండాల్సింది జానెడు చేశాను. గొట్టం కింది ఫలకం మీద కూడా ఆ తప్పుడంకే చెక్కించాను. నిన్న రైల్లో కాగితాలు చూస్తుంటే బయటపడింది. దొంగతనమంటే నిపుణులు వచ్చేలోగా గొట్టం, ఫలకం రెండూ తీసి పక్కన పెట్టేస్తారనుకున్నాను."

"మరి ఈయన బతుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె తోటమాలి వైపు తిరిగింది. "తప్పైపోయింది బాబాయ్," అంది.

"ఒక్కమాట చెబితే ఇద్దరం కలిసి తీసేవాళ్ళం కదమ్మా," అన్నాడు తోటమాలి. ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ.

9:48. ఆమె తన చేత్తోనే ఫలకం ఊడదీసింది. వచ్చినవాళ్ళకి తన తప్పు తానే చెబుతానంది. డైరెక్టర్ నేలచూపులు చూస్తున్నాడు. తోటమాలి పసుపు వెలిసిన మొహాన్ని మళ్ళీ ఎండకి తిప్పాడు. తర్వాత సంచీలోంచి చిటికెలు చిటికెలుగా పువ్వు తీసి, గొట్టంలో గోరంత ఎత్తుకి నింపాడు. వంగి చూశాడు.

"సెంటు నేల ఏడాదంతా కష్టపడితే ఇంతేనా అమ్మా?"

"ఇంతే బాబాయ్."

గేటు తెరుచుకుంది.