కంపెనీ ముద్ర లేని పిస్టన్

"ఈ పిస్టన్ కంపెనీది కాదు," అంది వసుంధర. "బండి పక్కన పెట్టండి."

"పక్కన పెట్టేదేంది?" అన్నాడు నాగేంద్ర. "గెలిచిన బండి అది."

జమ్మలమడుగు బయట ప్లాట్లు అమ్ముడుపోని ఒక వెంచర్‌లో తారు రోడ్డు ఉంది. జూలై మొదటి ఆదివారం దాని మీద బైకుల డ్రాగ్ రేసు జరిగింది. నాలుగు వందల రెండు మీటర్లు, నేరుగా. స్టాక్ క్లాసులో బండి షోరూమ్ నుంచి వచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి. ఆ క్లాసులో నాగేంద్ర 18.31 సెకన్లకు మొదట వచ్చాడు. వివేక్ 18.44కు రెండో స్థానంలో వచ్చాడు.

గెలిచిన బండి ఇంజన్ అందరి ముందూ విప్పడం క్లబ్బు పద్ధతి. విప్పించి చూసేది వసుంధర. ఆమె మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. ఆమె తండ్రి గురుప్రసాద్‌కు ప్రొద్దుటూరులో బైకు స్పేర్ పార్ట్స్ షాపు ఉంది.

నాగేంద్రది లింగాల. పులివెందులలో మెకానిక్ షెడ్డు నడుపుతున్నాడు.

"మేడమ్, నా బండి రెండువేల పదకొండుది. బ్లాక్ అరిగింది. బోరింగ్ చేయించి, రంధ్రం పెద్దది చేసి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేసినా. కంపెనీ మాన్యువల్‌లోనే ఉంది ఆ సైజు."

"సైజు ఉంది. ముద్ర లేదు."

"కంపెనీ ఆ పిస్టన్ చేసేది ఆపేసింది గదా! యాడ తెచ్చేది? నేనేమన్నా కుమ్మరోన్నా, మట్టితో చేసుకునేకి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వసుంధర నవ్వలేదు.

"'ఇంజన్ లోపల కంపెనీ ముద్ర లేని భాగం ఉండరాదు.' ఏడో రూల్. నేను రాయలేదు."

"చదివేది నువ్వే గదా! వివేక్ బండిలో క్యామ్ షాఫ్ట్ చూసినావా? స్పోర్ట్స్ కిట్‌ది. వాల్వు ఒక మిల్లీమీటరు ఎక్కువ తెరుస్తాది, బండి ఇంకా ఉరుకుతాది. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు అది లేదు."

"దానికి ముద్ర ఉంది," అన్నాడు వివేక్, హెల్మెట్ తుడుచుకుంటూ. "కంపెనీ కేటలాగ్‌లోదే మామా."

"అంటే కొత్త బండి ఉన్నోడు ఇంజన్ మార్చుకుంటే న్యాయం. పాత బండి ఉన్నోడు బాగు చేసుకుంటే నేరం. అంతే గదా మేడమ్?"

ఆమె పిస్టన్‌ను సంచిలో వేసి, సీలు వేసి, సంతకం చేసింది. ఆమె తల ఎత్తేసరికి క్లబ్బు సెక్రటరీ రాఘవేంద్రప్రసాద్ ఫలితాల బోర్డు మీద నాగేంద్ర పేరు కొట్టేసి పక్కన ఒక మాట రాశాడు. మోసం.

"సార్, నేను ఆ మాట చెప్పలేదు," అంది వసుంధర.

"రూల్ తప్పితే మోసమే కదమ్మా. ఇంకేం రాయాల?"

సాయంత్రానికి ఆ బోర్డు ఫోటో పులివెందుల చేరింది. సోమవారం ఇద్దరు షెడ్డుకు వచ్చి, పనికి ఇచ్చిన బండ్లు వెనక్కి తీసుకుపోయారు. ఒకడు వెళ్తూ అడిగాడు. "మా బండిలో ఏమేసినావప్పా, నిజం చెప్పు?"

నాగేంద్ర షెడ్డు మూసి ప్రొద్దుటూరు బయలుదేరాడు.

షాపులో గురుప్రసాద్ ఉన్నాడు. వసుంధర వెనక ర్యాకుల దగ్గర ఉంది. నాగేంద్ర బండి మోడల్ చెప్పి కంపెనీ పిస్టన్ అడిగాడు.

"అది రాక ఆరేండ్లాయనప్పా," అన్నాడు గురుప్రసాద్. "ఇదిగో, అందరూ ఇదే ఏసుకుంటాండారు. శానా మంచిది." ఒక డబ్బా బల్ల మీద పెట్టాడు.

నాగేంద్ర డబ్బా తెరవలేదు. ర్యాకుల వైపు తిప్పి చూపించాడు.

"చూస్తాండావా మేడమ్? నేనేసిందీ ఇదే. ఈడ మీ నాయన అమ్మితే సరుకు. ఆడ నేనేసుకుంటే మోసం."

"ఎవురబ్బా నువ్వు?" అన్నాడు గురుప్రసాద్.

"మోసగాన్ని. జమ్మలమడుగులో బోర్డు మీద రాసినారు."

వసుంధర బయటికి వచ్చింది. ఆమె మొహం ఎర్రబడింది.

"ఆ మాట నేను రాయలేదు. నాకూ మండుతాంది. అరిచేకి వచ్చినావా, కొలిచేకి వచ్చినావా?"

"కొలిచేకే."

ఆమె మైక్రోమీటర్ తెచ్చింది. షాపులో ఆ సైజుదే కంపెనీ పిస్టన్ ఒకటి మిగిలి ఉంది. గీత పడినందువల్ల అమ్మలేదు. దాన్నీ, డబ్బాలోదాన్నీ కొలిచింది. కొలిచేటప్పుడు ఆమె ఊపిరి బిగపట్టింది. నాగేంద్ర కూడా బిగపట్టాడు, అవసరం లేకపోయినా. అది చూసి ఆమెకు నవ్వు వచ్చింది. ఆపుకుంది.

"సైజు ఒకటే. బరువు చూడాల. మా తక్కెడ కిలోలది. రా."

పక్కది ఆదినారాయణ బంగారు కొట్టు. ప్రొద్దుటూరులో గ్రాములో వందో వంతు తూచే త్రాసు కోసం ఎక్కువ దూరం నడవనక్కరలేదు. ఆదినారాయణ పిస్టన్‌ను చూసి, దాన్ని పెట్టడానికి గుడ్డ పరిచాడు.

"దీనికి హాల్‌మార్క్ ఉందామ్మా?"

"అదే గొడవ మామా. ముద్ర లేదని ఈయన బండిని తీసేసినా."

"ఎవురి ముద్ర?"

"చేసిన కంపెనీ ముద్ర."

"చేసినోని ముద్ర ఎందుకు? హాల్‌మార్క్ ఎవురు చేసినారని చెప్పేకి కాదుమ్మా. లోపల ఎంత బంగారు ఉందో చెప్పేకి. ఏ కంసాలి చేసినా నాకు ఒకటే. నేను కొలత చూస్తా."

వసుంధర త్రాసు వైపు చూసింది. "కొలత," అంది, తనలో తాను.

కంపెనీ పిస్టన్ నూట పద్దెనిమిది గ్రాములు. డబ్బాలోది నూట ఇరవై నాలుగు.

"ఆరు గ్రాములు ఎక్కువ," అంది వసుంధర. "పిస్టన్ బరువెక్కితే ఇంజన్‌కు నష్టమే గానీ లాభం లేదు. నువ్వు నష్టంతో గెలిచినావు! ఆదివారం కమిటీ ముందర చెప్తా. ఏడో రూల్ మార్పిస్తా. ఆ మాట చెరిపిస్తా."

నాగేంద్ర డబ్బా మూసి, మళ్ళీ తెరిచాడు.

"ఏంది? ఇప్పుడు అరవవేం?"

"నా బండిలోది నూట ఇరవై నాలుగు ఉండదు," అన్నాడు. "నేను లోపల ఫైల్ పెట్టి అరగదీసినా. నూట పద్దెనిమిదికి తెచ్చినా. కంపెనీ బరువు ఎంతో అంతే. అంతకన్నా ఒక గ్రాము కూడా తగ్గించలేదు."

"ఫైల్ పెట్టినావా?"

"పాత పిస్టన్ బరువుకు సమం చేసినా. బండి వచ్చినట్టే ఉండాలన్నారు గదా!"

"ఇంత సేపు మా నాయన ముందర అరిచినావే! జమ్మలమడుగులోనే ఎందుకు చెప్పలేదు?"

"ఆడ నువ్వు అడిగింది ముద్ర. బరువు ఎవురూ అడగలేదు."

"ఇప్పుడు మాత్రం ఎవురు అడిగినారు?"

"నువ్వు నా కోసం కమిటీ ముందర నిలబడతానంటివి. సగం తెలిసి నిలబడకూడదు."

ఆదినారాయణ త్రాసు తుడుస్తూ ఇద్దరినీ చూశాడు. "టీ చెప్పమంటారా?" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.

ఆదివారం జమ్మలమడుగులో మబ్బు పట్టింది. కమిటీ వెంచర్ ఆఫీసు షెడ్డులో కూర్చుంది. వసుంధర సీలు తెంచి, తెచ్చిన త్రాసులో పిస్టన్ తూచింది. నూట పద్దెనిమిది. తాను రాసుకొచ్చిన కాగితం చదివింది.

"రిపేరుకు వేసే భాగం ఎవరు చేసినా సరే. సైజు కంపెనీ మాన్యువల్ ప్రకారం ఉండాల. బరువు కంపెనీ భాగం కంటే తక్కువ ఉండకూడదు. డబ్బాలోంచి తీసినాక దానికి ఫైల్ తగలకూడదు. బండితో పాటు రాని స్పోర్ట్స్ భాగాలు, ముద్ర ఉన్నా సరే, స్టాక్ క్లాసులో వద్దు."

"నా క్యామ్ షాఫ్టా?" వివేక్ లేచాడు. "కంపెనీది అది!"

"కంపెనీదే. స్టాక్ కాదు."

"ముద్రే రూలమ్మా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. "పదేండ్లుగా అంతే."

"అట్లయితే నాకు మైక్రోమీటర్ ఎందుకు ఇచ్చినారు సార్? ముద్ర చూసేకి ఇంజనీరు ఎందుకు? కండ్లుంటే చాలు. ఈ జిల్లాలో పదేండ్లు దాటిన బండ్లన్నీ ఈ పిస్టన్లతోనే తిరుగుతాండాయి. వాళ్ళంతా మోసగాళ్ళా? మా నాయన మోసగాడా?"

కమిటీలో ఐదుగురున్నారు. నలుగురు చేతులెత్తారు. వీళ్ళలో ముగ్గురివి పాత బండ్లు.

"అయితే నాగేంద్ర గెలిచినట్టేనా?" అన్నాడు సెక్రటరీ.

"లేదు," అంది వసుంధర. "పాత రూల్ ప్రకారం ముద్ర లేదు. కొత్త రూల్ ప్రకారమైనా ఫైల్ పెట్టినాడు. ఆయనే చెప్పినాడు, నేను తూచకముందు. తప్పు, మోసం కాదు. వివేక్ పాత రూల్ ప్రకారం దిగినాడు కాబట్టి ఈ రేసు ఆయనదే. వచ్చే రేసుకు క్యామ్ తీసి రావాల."

నాగేంద్ర గుడ్డ తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళాడు. వసుంధర అతని చేతిలోంచి గుడ్డ తీసుకుంది. మోసం అన్న మాటను తానే చెరిపి, పిస్టన్‌కు ఫైల్, అనర్హత అని రాసింది. నాగేంద్ర బోర్డును ఫోటో తీశాడు.

"పులివెందులకు పంపించు," అంది.

"పంపిస్తాండా. ఓడిపోయినట్టు రుజువు కోసం నా అంత తిరిగినోడు ఈ జిల్లాలో ఉండడు."

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు. వాన మొదలైంది. ఇద్దరూ షెడ్డు రేకుల కింద నిలబడ్డారు. అతడు ఏదో చెప్పబోయి హెల్మెట్ పట్టీ సరిచేసుకున్నాడు. రెండోసారీ అదే చేశాడు.

లోపలి నుంచి రాఘవేంద్రప్రసాద్ ఒక కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా ఇది? ఇంత గొడవ చేసి రూల్ మార్పించి, ఇప్పుడు రాజీనామానా?"

"స్టాక్ క్లాసుకు మాత్రమే సార్. కర్నూలు నుంచి ఇంకొకరిని పిలుచుకోండి."

"'ఒక పోటీదారు కుటుంబంతో నాకు సంబంధం కలిసే అవకాశం ఉన్నందున…' అని రాసినావు. ఎవురా పోటీదారు? పేరు లేదే!"

"ఆయన ఇంకా అడగలేదు సార్."

"అడగకముందే రాజీనామానా?"

"రూల్ ప్రకారం ముందే చెప్పాల."

రాఘవేంద్రప్రసాద్ ఆమెను చూశాడు. తర్వాత నాగేంద్రను చూశాడు. "ఇదెక్కడి న్యాయమబ్బా!" అంటూ లోపలికి పోయాడు.

నాగేంద్ర హెల్మెట్ తీసేశాడు.

"మీ నాయన షాపు ఎన్ని గంటలకు తెరుస్తాడు?"

"తొమ్మిదికి," అంది వసుంధర. "మీ అమ్మను తోడుకొని రా. ఆడ మాత్రం అరవొద్దు."