గిడ్డమ్మ పోసిన నీళ్లు

"నా కుండీలకు నీళ్లెవరు పోసినారు?"

సోమవారం పొద్దున్నే నాగజ్యోతి ల్యాబు గుమ్మంలో నిలబడి ఈ మాట అడిగేసరికి, బసవరాజ్ చేతిలోని టీ గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

కడప యూనివర్సిటీలో మహేశ్వరి మేడం దగ్గర మొక్కల మీద పరిశోధన చేసేవాళ్లు ముగ్గురు: నాగజ్యోతి, బసవరాజ్, నిస్సీ. ఎవరి పేపరు జర్నల్లో యాక్సెప్ట్ అయినా వాళ్లే స్వయంగా బొరుగులతో ఉగ్గాని, బజ్జి చేసి అందరికీ పెట్టాలన్నది ఆ ల్యాబు ఆచారం. ఈసారి ఆ వంతు నాగజ్యోతిది కావలసింది. కరువును తట్టుకునే కొర్ర రకాల మీద ఆమె రాసిన పేపరును, ప్రయోగం ఇంకోసారి చేసి చూపించమని జర్నల్ వాళ్లు తిప్పి పంపారు. రెండు నెలల గడువిచ్చారు. ల్యాబు వెనక కంచె వేసిన జాగాలో, కుండీల్లో పెంచిన మొక్కలను పద్నాలుగు రోజులు చుక్క నీరు లేకుండా ఎండగట్టాలి. పదో రోజున ఎవరో పుణ్యాత్ములు కుండీలన్నీ తడిపి పెట్టారు.

"నేనే," అన్నాడు బసవరాజ్.

"నువ్వా? మూడేండ్ల నుంచి ఈడ ఏం నేర్చుకుంటాండావు? బోర్డు కనపళ్లేదా?"

"వాడిపోతాంటే చూడలేకపోయినా."

"అయితే పీహెచ్‌డీ మానేసి పూలతోట పెట్టుకోపో."

నిస్సీ నవ్వబోయి, నాగజ్యోతి మొహం చూసి మైక్రోస్కోపులో తల దూర్చింది.

నిజానికి ఆ నీళ్లు పోసింది బసవరాజ్ తల్లి గిడ్డమ్మ. గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస పోయే ముందు కొడుకును చూసిపోదామని ఆదివారం తమ ఊరు కోసిగి నుంచి వచ్చింది. అతను క్యాంటీన్ నుంచి అన్నం తెచ్చేసరికి, ఖాళీ బకెట్టు పక్కన కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. "ఇంతమంది సదువుకున్నోళ్లు ఉండారు, చెంబెడు నీళ్లు పోసేటోళ్లు లేరేమి నాయినా?" అంది.

నీళ్లు పోయరాదన్న బోర్డు ఇంగ్లీషులో ఉంది. గిడ్డమ్మకు ఏ భాషా చదవడం రాదు. ఏటేటా ఎండిపోయే చేను చూసి ఊరు విడిచే మనిషిని, మొక్కకు నీళ్లు పోసినందుకు ఎవరైనా ఒక మాటంటే బసవరాజ్ భరించలేడు. ఆ తిట్లు తనే తింటే పోయిందనుకున్నాడు. తిట్టేది, ఎవరి నవ్వు కోసం మూడేళ్లుగా అందరికంటే ముందు ల్యాబుకు వస్తున్నాడో ఆ పిల్లే కావడం అతని తలరాత.

ఐదు రోజులు ఇద్దరి మధ్య మాటల్లేవు. ఆరో రోజు అతను గ్లౌజులతో ఆకులు నూరుతుంటే ఫోన్ మోగింది. మోచేత్తో స్పీకర్ నొక్కాడు.

"తింటివా నాయినా? ఆ పొద్దు నేను నీళ్లు పోసిన మొక్కలు బాగుండాయా?"

బసవరాజ్ ఫోన్ ఆపబోయాడు. గ్లౌజు వేలికి ఫోన్ లొంగలేదు.

"గేటు పక్క కుండీలోది శానా గట్టిది. సాయంత్రం నేను బయల్దేరేలోగానే తలెత్తింది. తక్కినవన్నీ వాలిపోయే ఉండాయి. ఆ ఇత్తనాలు మన చేనుకు ఇస్తారేమో అడుగు."

నాగజ్యోతి లేచి వచ్చి ఫోన్ అందుకుంది. అయిపోయింది అనుకున్నాడు బసవరాజ్.

"అమ్మా, నేను నాగజ్యోతిని. గేటు పక్కదంటే ఎర్ర చీటీ కట్టిందేనా?"

"ఎర్రదే పాపా."

ఫోన్ పెట్టేశాక ఆమె గొంతు మెత్తబడింది. "నాకెందుకు చెప్పలేదు బసవా? మీయమ్మను నేను మాటంటానా?"

"ఆ పొద్దు నీ మొహం నువ్వు చూసుకోలేదు."

ఆరు రోజుల తర్వాత నాగజ్యోతి నవ్వింది.

సంగతి విన్న మహేశ్వరి మేడం, "ఒక్క కుండీతో పేపరు కాదు. కానీ నీళ్లు పడినాక ఏది ముందు లేస్తాదో మనకు అడగాలనే తోచలేదు. ఇంకొంచెం గడువు అడుగుతా, మళ్లీ విత్తండి," అంది.

ఈసారి ఇద్దరూ కలిసి విత్తారు. ఎండగట్టిన పన్నెండో రోజు అకాల వాన వచ్చింది. ఇద్దరూ ప్లాస్టిక్ పట్టా చెరోవైపు పట్టుకుని కుండీల మీద కప్పి, తాము మాత్రం నిలువునా తడిశారు. బసవరాజ్ నోరారా వానను తిట్టాడు.

"వానను తిట్టిన కోసిగి మనిషిని నిన్నే చూస్తాండా," అంది ఆమె.

"ఎవరి కోసం తిడతాండానో అది కూడా చూడు."

ఆమె చూసింది. చాలాసేపే చూసింది.

గడువు తీరి నీళ్లు పోశాక, ఎర్ర చీటీ రకం ఈసారి ప్రతి కుండీలోనూ అన్నిటికంటే ముందే లేచి నిలబడింది. పేపరు యాక్సెప్ట్ అయిన రోజు నాగజ్యోతి తనే ఫోన్ చేసి, మిరప కోతల సుగ్గి ముగించుకుని ఊరు చేరిన గిడ్డమ్మను పిలిపించింది. ఉగ్గాని ప్లేటు అందించి, పేపరు చివరి పేజీ తెరిచి, ఆమె వేలు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పిన చోట పెట్టింది.

"ఇది మీ పేరమ్మా. గిడ్డమ్మ, కోసిగి. మీరు నీళ్లు పోయకుంటే ఈ పేపరే లేదు."

గిడ్డమ్మ వేలు చాలాసేపు అక్కడే ఉండిపోయింది. "కూలి కార్డు మీద తప్ప నా పేరు యాడా రాయలేదు పాపా," అని కళ్లు తుడుచుకుంది. "మావానిది యాడుండాది?"

నాగజ్యోతి మొదటి పేజీ తిప్పింది. "ఇది నాది. పక్కనే మీవానిది."

"పక్కపక్కనే ఉండారా."

"ఎప్పటికీ ఉంటాం అత్తా. మా నాయనకు చెప్పినా, సరేనన్నాడు. మిమ్మల్ని అడగాలనే పిలిపించినా."

ఇప్పటిదాకా అమ్మా అన్న నోట అత్తా అన్న మాట వినేసరికి బసవరాజ్‌కు బజ్జి గొంతులో అడ్డం పడింది. "నన్నెవరూ అడగరా?" అన్నాడు దగ్గు ఆపుకుంటూ.

"నిన్ను అడిగేదేముంది? వానలోనే చెప్పేసినావు కదా," అంది నాగజ్యోతి.

ఆ పొద్దు అమ్మ చేతికి ఆ బకెట్టు అందించిన దేవుడెవరో గాని, బసవరాజ్ మనసులోనే ఆయనకు దండం పెట్టుకున్నాడు.

గిడ్డమ్మ ప్లేట్లోంచి పిడికెడు ఉగ్గాని తీసి ముందు కోడలి నోట్లో పెట్టి, తర్వాత తను తింది.

"ఉప్పు ఎక్కువైంది పాపా," అంది. "నేను నేర్పిస్తాలే."