అతిథి కప్పులో పొగ

మొదటి రాయబారి టీ తాగి చనిపోయాడు. గుండెపోటని పేపర్లు రాశాయి. చీఫ్ ఆ పేపర్‌ని మడిచి చెత్తబుట్టలో పడేశాడు.

"చిమ్నీ ముఠా పని," అన్నాడు. "మన రేవు కాజేయాలని చూస్తున్న విదేశీ గ్యాంగ్. రేవు మీద అవతలి దేశంతో చర్చలు జరిగేది ఒక టీ ఎగుమతి కంపెనీ భవనంలో. దాని డైరెక్టర్ ముఠా మనిషే. రుజువు లేదు. రేపు రెండో రాయబారి వెళ్తోంది. మీటింగ్‌కి ముందు వచ్చిన అతిథి అక్కడ టీ రుచి చూడటం ఆనవాయితీ."

"తాగొద్దని చెప్పండి," అన్నాడు ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని మౌని అంటారు. అవసరమైతే తప్ప నోరు విప్పడు.

"చెప్పాను. 'కప్పు టీకి జడిసిన మనిషి మాట బల్ల దగ్గర ఎవడు వింటాడు' అంది."

మౌనికి ఆ గొంతు వినిపించినట్టే అయింది. రెండో రాయబారి అతని సొంత అక్క.

"నిన్ను పంపకూడదు," అన్నాడు చీఫ్. "కానీ టీ గోడౌన్‌లో అండర్‌కవర్ చేసినవాడివి నువ్వొక్కడివే. అక్కడ నువ్వు టీ టేస్టర్‌వి. ఆవిడకి తమ్ముడివి కాదు. గొడవ చేశావా, చర్చలు ఆగిపోతాయి, రేవు పోతుంది. ఆవిడా బతకాలి, చర్చలూ బతకాలి."

"రెండూనా సార్?"

"ఒక్కటే అయితే ఎవణ్ణైనా పంపేవాణ్ణి."

కింద ల్యాబ్‌లో ఒక వెండి స్పూన్ ఇచ్చారు. విషం తగిలితే నల్లబడుతుందట. ల్యాబ్ మనిషి దాన్ని కన్నకూతురిని అప్పగించినట్టు అప్పగించాడు.

మర్నాడు మౌని నెరిసిన విగ్గు, లావు కళ్లద్దాలు, ఏప్రన్‌తో టేస్టింగ్ రూమ్‌లో నిలబడ్డాడు. పొడుగాటి బల్ల, దాని మీద వరసగా తెల్ల కప్పులు. పక్కన నడుము ఎత్తు ఉమ్మితొట్టి. అవతలి వరసలో టీ కొనే వ్యాపారులు.

ముత్యాల దండ వేసుకున్న ఒకావిడ అతని పక్కకి వచ్చింది. రెండు వైపులా జీతం తీసుకునే ఏజెంట్. ఆ నవ్వు చూసి ఫైళ్లు ఒప్పగించినవాళ్లు రెండు దేశాల్లోనూ ఉన్నారు.

"ఈ టీకి పాలు పోస్తారా?" అంది.

"పోస్తే పొగ ఏడుస్తుంది," అన్నాడు మౌని. కోడ్ కుదిరింది.

"ఎడమ చివరి కప్పు," అని గుసగుసలాడి వెళ్లిపోయింది.

డైరెక్టర్ టీ కాయించాడు. చైనా బ్లాక్ టీ, లాప్సాంగ్ సూచాంగ్. పైన్ కట్టెల పొగలో ఆరబెట్టిన ఆకు. మూతలు తీయగానే గదంతా ఎవరో వానలో పొయ్యి రాజేసినట్టయింది.

మౌని స్పూన్ మొదటి కప్పులో ముంచాడు. నల్లబడింది. రెండో దాంట్లో ఇంకా నల్లబడింది. ల్యాబ్ వాళ్లు దాన్ని పొగ టీలో పెట్టి చూడలేదని అర్థమైంది. ఇక ఉన్నది ముక్కే.

ఒక్కో కప్పూ సర్రున జుర్రాడు, నోరంతా తిప్పాడు, ఉమ్మేశాడు. తడి ఆకుని మూత మీద బోర్లించి వాసన చూశాడు. ఆకులో ఎంత పొగ ఉందో టీలోనూ అంతే ఉంది. ఎడమ చివరి కప్పు అన్నిటికన్నా బాగుంది. ముత్యాలావిడ ఈ పూట ఎవరి జీతం మీద ఉందో తెలిసింది.

తలుపు తెరుచుకుంది. అక్క వచ్చింది, వెనకే అవతలి దేశం ప్రతినిధులు. తమ్ముడి మీదుగా చూపు సాగిపోయింది, కనురెప్ప కూడా కదలలేదు.

"తమకి స్పెషల్," అంటూ డైరెక్టర్ ఒక నల్ల కప్పు తెచ్చి అదే ఆకు కాచిన కెటిల్‌లోంచి పోశాడు.

ఆవిరి మౌని దాకా వచ్చింది. ఒక్కసారిగా ముక్కు మండింది. కెటిల్‌లోని ఆకుకి లేనంత పొగ కప్పులో ఉంది. ఆకుకి లేనిది నీళ్లకి ఎక్కడిది? కప్పు లోపల ఏదో పూసి, దాని ఘాటు దాచడానికి పొగ ఎసెన్స్ కలిపారు.

అక్క కప్పు ఎత్తింది. పెదవి అంచు దాకా వెళ్లింది.

మౌని బల్ల మీదుగా వంగి స్పూన్ ఆ కప్పులో ముంచాడు. గట్టిగా జుర్రి, తొట్టిలో ఉమ్మేశాడు. పెదవి తిమ్మిరెక్కింది.

"టెయింట్ ఉంది, పరాయి వాసన," అన్నాడు. "రిజెక్ట్."

"అది అతిథి కప్పయ్యా!" అన్నాడు డైరెక్టర్.

"ఈ గదిలో అతిథి కప్పులుండవండీ. బల్ల మీదకొస్తే అన్నీ శాంపిల్సే."

వ్యాపారుల్లో ముసలాయన తలూపాడు. "ఎక్కడైనా అంతే. టేస్టర్ కాదంటే ఆ కప్పు తొట్టిలోకే."

"నా టీలో టెయింటా? నీకేం తెలుసు?"

"నాకు తెలీకపోతే మీరే తాగండి," అన్నాడు మౌని. కప్పుని అక్క చేతిలోంచి తీసుకుని అతని ముందు పెట్టాడు.

డైరెక్టర్ కప్పు వంక చూశాడు. చేతులు జేబుల్లోకి పోయాయి. గదిలో అందరూ ఆ చేతుల్నే చూశారు. ముత్యాలావిడ నెమ్మదిగా తలుపు వైపు జరిగింది. బయట మూటలు మోస్తున్న కూలీలు మూటలు దించి ఆమెకి దారి అడ్డం నిలబడ్డారు. అందరూ డిపార్ట్‌మెంట్ వాళ్లే.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకింకా టీ రాలేదు," అంది. "ఈ టేస్టర్ గారినే కాయమనండి. తెల్ల కప్పులో."

మౌని నోరు కడుక్కుని కొత్త నీళ్లు మరిగించాడు. కెటిల్ వేడి చేసి, ఆకు వేసి మూత పెట్టాడు. ఆకు తనంతట తాను విచ్చుకునే దాకా ఆగాడు. కప్పులో కొత్త రాగి రంగు దిగింది. ఆవిడ తీరిగ్గా అడుగు దాకా తాగింది.

"బాగుంది," అని డైరెక్టర్ వెనక నిలబడ్డ ప్రతినిధుల వైపు తిరిగింది. "రేవు మాది. ఇక మాట్లాడండి."

ఆ సాయంత్రం దాకా మాట్లాడారు. రేవు కదల్లేదు. నల్ల కప్పు, డైరెక్టర్ ఒకే వ్యాన్‌లో ల్యాబ్‌కి వెళ్లారు.

విరుగుడు ఇంజక్షన్ పడ్డాక మౌనిని కారులో కూర్చోబెట్టారు. అక్క వచ్చి పక్కన కూర్చుని, తలుపేసి, అతని గడ్డం పట్టుకుని పెదవి వెలుతురుకి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏరా," అంది చివరికి, "అంతమంది పెద్దమనుషుల ముందు నా కప్పు ఎంగిలి చేస్తావా?"