మూడో అరలోని మాస్కు

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు, మొగుడితో సహా. ఆయన బస్సు డ్రైవరు. "ఏమోయ్" అంటాడు, అదీ టీ చల్లారినప్పుడే.

ఆ సాయంత్రం టైలరమ్మ మిగిలిపోయిన కాన్వాసు గుడ్డతో మంచం తలాపుకి తగిలించే సంచి కుడుతోంది. నాలుగు అరలు, ఒకదాని కింద ఒకటి. మొదటి అరలో టార్చి. రెండో అరలో బ్యాటరీ, దాని వైరు. మూడో అరలో అదనపు మాస్కు. నాలుగో అరలో అంటించే టేపు చుట్ట, నీళ్ల సీసా, డాక్టరు నంబరు పెద్ద అక్షరాలతో రాసిన అట్టముక్క.

డ్రైవరుగారికి నిద్రలో ఊపిరి ఆగుతుంది. గురక మోతెక్కి మోతెక్కి టక్కున ఆగిపోతుంది, కాసేపటికి మునిగి తేలినవాడిలా గుటక వేసి మళ్లీ మొదలెడతాడు. పట్టపగలు స్టీరింగ్ మీద కునుకు తీసి బస్సును డివైడరు ఎక్కించాక గానీ ఆ మహానుభావుడు డాక్టరు గడప తొక్కలేదు. అప్పటినుంచి రాత్రిళ్లు ముక్కుకి మాస్కు, మాస్కుకి గొట్టం, గొట్టానికి మెషిన్. అది గాలి ఊదుతుంది, ఈయన బతుకుతాడు. కరెంటు పోతే అదీ ఆగుతుంది.

మెషిన్ అత్తగారిది. జబ్బూ అత్తగారిదే. తల్లినుంచి కొడుక్కి దక్కిన ఆస్తి ఈ రెండే.

అత్తగారూ కుట్టుపనిలోనే పండిపోయిన మనిషి. కాజాలు, హెమ్మింగు ఆవిడే చేసేది. ఎడమచేతి వాటం. ఆవిడ వేసిన కుట్టు లోకంలోని కుట్లన్నిటికీ ఎదురుగా వాలేది. "మీ నోటిలాగే ఉందత్తయ్యా, ఎదురు" అనేది కోడలు. "నీ నోటికంటే నయమేలే అమ్మాయ్" అనేది ఆవిడ. రెండేళ్ల కిందట, కొడుకు రాత్రి డ్యూటీలో ఉండగా, ఈ గదిలోనే గోడవారన ఉన్న మంచం మీద, నిద్రలోనే పోయింది. గుండె ఆగిందన్నారు. ఎవరి తప్పూ కాదన్నారు.

టైలరమ్మ మాత్రం ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు ఆమెకు మెలకువ వచ్చింది. మెషిన్ బుస ఆగిపోవడం విన్నది. 'అమ్మయ్య, ఇవాళైనా ఈ గోల లేదు' అనుకుని, అటు తిరిగి, హాయిగా పడుకుంది.

అందుకే ఈ సంచి.

"ఇది పడకగదా, ఆసుపత్రి వార్డా?" అన్నాడు డ్రైవరు, యూనిఫాం విప్పుతూ.

"నోరు మూసుకుని పడుకోండి. కళ్లు మూసుకుని తీస్తాను, లెక్కపెట్టండి."

ఆయన మంచం మీద వెల్లకిలా పడి, నాలుక బయటపెట్టి, శవంలా నటించాడు. ఆమె కళ్లు మూసుకుని తడిమింది. టార్చి. బ్యాటరీ. మాస్కు. పాతికేళ్లు గుడ్డల మధ్య బతికిన చేతికి దీపం అక్కర్లేదు.

"పద్దెనిమిది" అన్నాడాయన. "ఈలోగా నేను పోయేవాణ్ణే."

"పోతే పోయారు గానీ, ముందు ఆ నాలుక లోపల పెట్టండి."

ఆయన మూడో అరలోని మాస్కు తీసి చూశాడు. "ఇది అమ్మది కదూ?"

అత్తగారిదే. పనికొచ్చే వస్తువును పారేసే గుణం టైలరు చేతికి ఉండదు. కొత్తది ఎందుకు, మూతి భాగం కడిగి పెడితే సరిపోతుందనుకుంది. అత్తగారి తల చిన్నది, పట్టీ ఇరవై అంగుళాలు. మొగుడి తల ఇరవై మూడు. మూడంగుళాల ఎలాస్టిక్ ముక్క అతికి, కుట్టుమెషిన్ మీద రెండు వరసలు కుట్టేసింది.

"నాకు సరే, నీకో?" అన్నాడాయన. "నువ్వూ నిద్రలో ఊపిరి బిగబట్టేస్తున్నావు తెలుసా? మొన్న విన్నాను."

"మీరు చేసే మోతకి నా ఊపిరి కూడా వినపడిందా! చాల్లెండి."

రాత్రి గాలి లేచింది. వీధిలో రేకులు కొట్టుకుంటున్నాయి. దూరంగా ఎక్కడో ఢామ్మని పేలిన చప్పుడు. టైలరమ్మ కళ్లు తెరిచింది.

బుస లేదు.

గది నిండా నల్లటి చీకటి, గుడ్డ కప్పినట్టు. ఈసారి అటు తిరిగి పడుకోలేదు. లేచి చెయ్యి చాచింది. మొదటి అర.

ఖాళీ.

'టార్చి తీసి ఎక్కడ పెట్టాడీ మనిషి!' పళ్లు కొరుక్కుంది. రెండో అర. బ్యాటరీ ఉంది. వైరు మెషిన్‌కి గుచ్చింది, మీట నొక్కింది. బుస్... గాలి మొదలైంది. ఆమె గుండె కుదుటపడింది.

కానీ పక్కన గుటక వినపడలేదు. ఊపిరి వినపడలేదు. ఆమె ఆయన ముఖం తడిమింది. మాస్కు ఉంది. మాస్కుకి గొట్టం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టింది. గాలి లేదు. ఛాతీ మాత్రం ఎగిసెగిసి పడుతోంది, నీళ్ల అడుగున కొట్టుకుంటున్నట్టు.

"ఏమండీ! లేవండి!"

చెంప మీద కొట్టింది. లేవలేదు.

గొట్టం ఊడి కింద పడిందేమో. మెషిన్ దగ్గర మొదలుపెట్టి, గొట్టాన్ని చేతిలోంచి జార్చుకుంటూ వెళ్లింది. అది కింద పడలేదు. మంచంవైపూ రాలేదు. బిగుసుకుని... గోడవైపు సాగి ఉంది.

గోడవారన ఏమీ లేదు. అత్తగారి మంచం తీసేసి రెండేళ్లయింది.

మెషిన్ చప్పుడు మారింది. అది గాలి ఊదుతోంది... అవతల ఎవరో పీలుస్తున్నారు. వదులుతున్నారు. నిదానంగా. తీరిగ్గా.

అత్తగారి కీళ్లనొప్పుల మందు వాసన. రెండేళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ ఆ సీసా మూత తియ్యలేదు.

ఆమె ఇంకో చెయ్యి వెనక్కి చాచి మూడో అర తడిమింది. ఖాళీ. మాస్కు లేదు.

గొట్టం మీద చెయ్యి ముందుకు జరిగింది. ఒక జానెడు. ఇంకో జానెడు. వేళ్లకి పట్టీ తగిలింది. పట్టీ కింద... పలచటి జుట్టు. చల్లగా.

పీల్చడం ఆగింది.

"అమ్మాయ్..." మాస్కు లోపలినుంచి, గాలితో కలిసి వచ్చిన గొంతు. "ఇప్పుడు లేచావా?"

టైలరమ్మ నోరు తెరిచింది. వీధి వీధంతా దడిచే నోరు.

"విన్నానత్తయ్యా..." మాట గుసగుసగా వచ్చింది. "ఆ రాత్రి విన్నాను. విని పడుకున్నాను."

పక్కన మంచం కిర్రుమంది. ఆయన కాళ్లు కొట్టుకోవడం తగ్గుతోంది...

"నన్నేమైనా చెయ్యండి. మీ అబ్బాయికి ఊపిరి లేదు. వదలండి... అత్తయ్యా, వదలండి!"

చీకటి కదల్లేదు. ఒక్క క్షణం... రెండు...

గొట్టం వదులైంది. చేతిలోకి వచ్చేసింది. ఆమె మంచం మీదకి పడినంత పని చేసి, ఆయన మాస్కుకి గొట్టం గుచ్చింది. గాలి లోపలికి పోయింది. గుటక. దగ్గు. తర్వాత పెద్ద ఊపిరి, బావిలోంచి తోడినట్టు. తెల్లారేదాకా ఆ ఛాతీ మీద చెయ్యి తియ్యలేదు.

పొద్దున డ్రైవరు ఒళ్లు విరుచుకుంటూ, "నిద్ర బ్రహ్మాండంగా పట్టిందోయ్" అన్నాడు. ఆయన చెంప మీద ఐదు వేళ్లూ అచ్చు పడి ఉన్నాయి. టార్చి ఆయన యూనిఫాం జేబులోనే దొరికింది. పొద్దున్నే బస్సు చక్రాలు చూడటానికి పనికొస్తుందని పడుకోబోతూ తీసి పెట్టుకున్నాడట, చెప్పడం మరిచిపోయాడట. ఆమె తిట్టలేదు. అదే ఆయనకి వింతగా తోచింది.

ఆయన డ్యూటీకి వెళ్లాక సంచి దగ్గరికి నడిచింది. మూడో అరలో మాస్కు ఉంది. నీటుగా మడతపెట్టి ఉంది. లోపలివైపు సన్నటి తేమ, ఎవరో ఇప్పుడే ఊపిరి వదిలినట్టు.

కిటికీ దగ్గరికి తెచ్చి వెలుగులో చూసింది. తను కుట్టుమెషిన్ మీద వేసిన రెండు వరసలూ విప్పేసి ఉన్నాయి. ఎలాస్టిక్ ముక్కను కత్తిరించి పొట్టిచేసి, చేత్తో మళ్లీ అతికి ఉంది. చిన్నచిన్న కుట్లు, ఒకే కొలత, అన్నీ ఎదురుగా వాలి ఉన్నాయి.

'తన తలకి సరిచేసుకుందన్నమాట' అనుకుంది. మెడలోని కొలతల టేపు తీసి పట్టీ కొలిచింది. అత్తగారి కొలతయితే ఇరవై రావాలి.

ఇరవై ఒకటిన్నర.

మళ్లీ కొలిచింది. అంతే. అత్తగారిది కాదు. మొగుడిదీ కాదు.

వీధిలో అందరి కొలతలూ తీసిన టైలరమ్మ తన తల ఎప్పుడూ కొలుచుకోలేదు. టేపు నుదుటిమీదుగా వెనక్కి చుట్టుకుంది. బొటనవేలు పెట్టి పట్టుకుని, కిందికి దించి, అంకె చూసింది. ఇరవై ఒకటిన్నర.

పట్టీ చివర సూది ఇంకా గుచ్చే ఉంది. దారం తెంపలేదు. ఒక్క కుట్టు మిగిలింది.