సామాన్ మబ్బుల పోతది

సల్మానియా ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలోనే సాయిబాబు ప్రాణం పోయింది. నిండా ముప్పై ఏళ్ళు లేవు. రోడ్డు దాటుతుంటే నంబరు ప్లేటు లేని కారు గుద్దేసింది. చూసినవాళ్ళు యాక్సిడెంట్ అనుకున్నారు. అతడు గూఢచారి అని తెలిసిన నలుగురు మాత్రం ఆ రోజు తలుపులకి రెండేసి గొళ్ళాలు వేసుకున్నారు.

ఆ నలుగురిలో ఒకరు నాగదుర్గ, ఏజెంట్ సెవెంటీన్. ఊరు అమలాపురం పక్కన. బహ్రెయిన్‌లో అందరికీ ఆమె ఆఫీసులు తుడిచే మనిషి.

మర్నాడు ఉదయం ముహరక్‌లో ఒక కోల్డ్ స్టోరు మెట్లెక్కింది.

"ఖుబ్స్ రొట్టె వేడిగా ఉందా?"

"నిన్నటిదే ఉంది."

కోడ్ సరిపోయింది. కొట్టు నడిపే శ్రీనివాసరాజు ఆమెని వెనకగదిలోకి తీసుకెళ్ళాడు. పైకి కిరాణా వ్యాపారి, లోపల వాళ్ళ చీఫ్.

"అమ్మిరాజు. ఆయుధాల ముఠా దగ్గర పనిచేసి మనవైపు వచ్చిన సాక్షి. కూతురితో అమ్వాజ్‌లో ఒక ఫ్లాట్లో దాక్కున్నాడు. రేపు ఉదయం ఎనిమిదికి ఫ్లైట్. అప్పటిదాకా బతికుండాలి."

"పాపకి ఎన్నేళ్ళు సార్?"

"ఏడు."

నాగదుర్గ ఆ ఫ్లాట్ని ఊహించుకుంది. ఏడేళ్ళ పిల్ల కిటికీ దగ్గరికి వెళ్ళదూ? బెల్లు కొడితే నాన్నే అనుకుని తలుపు తీయదూ?

"ఆ ఫ్లాట్ల ఏసీలు బాగుచేసేది బుల్లబ్బాయి కంపెనీ. ఎవరు ఏ ఫ్లాట్లో ఉంటున్నారో, తలుపు కోడ్ ఏమిటో అంతా అతని సర్వర్లో ఉంది. ముఠాకి కావలసింది అదే."

"ఆ ఒక్క పేరు చెరిపేయలేమా?"

"దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. సంగతి చెబుదామంటే ద్వీపమంతా చాటేస్తాడు. లోపల మన వినోద ఉంది, ఐటీ కన్సల్టెంట్ వేషంలో. నువ్వు మాప్ పట్టుకుని వెళ్ళు."

అమ్వాజ్ ఆఫీసులో వినోద హైహీల్స్ చప్పుడు ముందు వినిపించింది, తర్వాత సెంటు వాసన వచ్చింది. బుల్లబ్బాయి ఎదురుగా కూర్చుని లాప్‌టాప్ తిప్పి చూపిస్తోంది. నాగదుర్గ నేల తుడుస్తూ చెవి అటే పెట్టింది.

"క్లౌడ్‌కి మారిపోండి సార్. సర్వర్ కొనక్కర్లేదు, కాయక్కర్లేదు."

"ఆ క్లౌడు ఎక్కడుంటదండీ? గుమ్మం ఎటేపు?"

"ఎక్కడో ఉంటుంది సార్. ఇంటర్నెట్ ఉంటే చాలు."

"అది పోతేనండీ?"

"మీ గదిలో ఏసీ పోతే? జూలై ఎండకి సర్వర్ మాడిపోతుంది."

"ఏసీలు బాగుచేసే కంపెనీలో ఏసీ పోతే ముందు నా పరువు మాడుద్దండీ!" బుల్లబ్బాయి సర్వర్ మీద చెయ్యి వేశాడు. "ఇది నా కళ్ళముందుంటేనే నాకు ముద్ద దిగుద్ది. ఇంకో రెండ్రోజులు ఆలోచించుకోనివ్వండి."

నాగదుర్గకి రెండూ భయంగానే ఉన్నాయి. ఇక్కడుంటే ఎవడైనా ఎత్తుకుపోతాడు. ఎక్కడో ఉంటే ఎవడు చూస్తున్నాడో కూడా తెలియదు. ఎటు ఆలోచించినా చివరికి ఆ పాపే కళ్ళముందుకొస్తోంది.

సాయంత్రం ఆమె ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. పంపింది బుల్లబ్బాయి కంపెనీ బస్సు డ్రైవర్ ముత్యం, జగిత్యాల మనిషి, వాళ్ళ ఇన్ఫార్మర్. లేబర్ క్యాంపులో ఇద్దరు కొత్తవాళ్ళ మాటలు విన్నాడు.

"అక్కా, సర్వర్ సామాన్ రేపు మబ్బుల పోతదట. జర పైలం."

నాగదుర్గ ఆ మెసేజ్ వినోదకి వినిపించింది. "మబ్బులోకి పోతుందట! అంటే క్లౌడ్‌లోకి పంపేసుకుంటారు."

వినోద మెసేజ్ మళ్ళీ ఒకసారి వింది. "కరెక్ట్ దుర్గా. హ్యాక్ చేసి అప్‌లోడ్ చేస్తారు. నువ్వు కోల్డ్ స్టోరు మేడమీద ఈ లాప్‌టాప్ ముందు కూర్చో. ఎర్ర లైటు వెలగగానే ఈ బటన్ నొక్కు. లైన్ కట్. ఆఫీసు దగ్గర నేనుంటాను."

నాగదుర్గ కూర్చుంది. రెప్ప వేస్తే ఎక్కడ లైటు వెలుగుతుందోనని కళ్ళు నీళ్ళు కారేదాకా చూసింది. లైటు వెలగలేదు. తెల్లవారుజామున ఇక ఆగలేక ముత్యానికి ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మబ్బులోకి ఇంకా ఏమీ పోలేదేంటి?"

"మబ్బులకేంది అక్కా? మబ్బుల అన్న. అంటే తెల్లారకముందు! మా దిక్కు గట్లనే అంటం. గిప్పుడే మబ్బుల!"

నాగదుర్గ కుర్చీలోంచి లేచింది. "మరి వినోద అవునందే! ఆవిడది ఏ ఊరు?"

"మా జగిత్యాలనే. ఆమెకు తెల్వకపోవుడేంది?"

తెలుసు. తెలిసే తప్పుని తప్పుగానే ఉండనిచ్చింది. సాయిబాబు ఏ రోడ్డు ఎప్పుడు దాటుతాడో కూడా ఆమెకే తెలుసు.

"నువ్వెక్కడున్నావు?"

"డ్యూటీకి లేబర్‌ను తోల్కొచ్చిన. ఆఫీసు ముంగటనే ఉన్న. ఎవరిదో వ్యాన్ ఉంది, సామాన్ ఎక్కిస్తున్నరు."

"బస్సు అడ్డం పెట్టు!"

ఆమె కేకకి లేచొచ్చిన శ్రీనివాసరాజు డెలివరీ వ్యాన్ స్టార్ట్ చేశాడు. దారిపొడవునా నాగదుర్గకి ఒకటే ఊహ. కోడ్ నొక్కిన చప్పుడు, తలుపు తెరుచుకోవడం, పాప "ఎవరు?" అనడం. వ్యాన్ ఎంత వేగంగా పోతున్నా ఆమెకి నిలబడిపోయినట్టే ఉంది.

ఆఫీసు ముందు బస్సు అడ్డంగా ఉంది. దాని చుట్టూ నీలం యూనిఫాంలో నలభైమంది పనివాళ్ళు. దారి మూసుకుపోవడంతో ముఠావాళ్ళు తమ వ్యాన్లోనే, తెరిచిన తలుపు దగ్గర సర్వర్‌ని బ్యాటరీకి కలిపి కాపీ మొదలుపెట్టారు. స్క్రీన్ మీద తొంభై రెండు శాతం. అవతల ఇంకొకడు ఫోన్ పట్టుకుని కాచుకుని ఉంటాడు, ఫ్లాట్ నంబరు కోసం.

వినోద లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సన్నటి పిస్టల్ గొట్టం.

"కదలకు దుర్గా."

తొంభై ఐదు. నాగదుర్గ చేతికి అందినంత దూరంలో, ముఠా వ్యాన్ పక్కనే ఆగిన డెలివరీ వ్యాన్‌లో లబన్ మజ్జిగ పెట్టెలున్నాయి. కదిలితే చావు. కదలకపోతే ఆ పాప చావు.

"వినోదక్కా," ముత్యం ముందుకొచ్చాడు. "మనూరోళ్ళ ముంగట తుపాకి పడుతవా? మీ అవ్వకు ఏం జెప్పాలె నేను?"

వినోద తల అటు తిరిగింది. ఒక్క సెకను.

నాగదుర్గ రెండు లీటర్ల లబన్ సీసా మూత పీకి సర్వర్ మీద గుమ్మరించింది. చిటపటమంది. పొగ లేచింది. తొంభై తొమ్మిది దగ్గర స్క్రీన్ నల్లబడింది. అప్పటికే నలభైమంది వ్యాన్ మీద పడ్డారు. మసీదులో తెల్లవారి ఫజర్ అజాన్ మొదలయ్యేసరికి వినోద చేతులు ఏసీ వైరుతో కట్టేసి ఉన్నాయి.

ఎనిమిది గంటల ఫ్లైట్ ఎనిమిదీ పదికి లేచింది. ఆ పది నిమిషాలూ నాగదుర్గ ఊపిరి పీల్చలేదు. కిటికీ పక్క సీట్లో పాప నిద్రపోయిందని మెసేజ్ వచ్చాక ఫుట్‌పాత్ మీద కూలబడి ఏడ్చింది.

ఆఫీసులో బుల్లబ్బాయి తెల్లగా కారుతున్న సర్వర్ని చూసి లబోదిబోమన్నాడు. "మూడేళ్ళ రికార్డులండీ బాబూ!"

"అన్నీ ఒక్క పెట్టెలో పెడితే ఇంతే," అన్నాడు శ్రీనివాసరాజు. మంచి కంపెనీ క్లౌడ్ కాగితాలు ముందుపెట్టి, కాపీ రెండు చోట్ల ఉంటుందని మూడుసార్లు చెప్పాడు.

బుల్లబ్బాయి కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"ఆయ్, ఆ క్లౌడు తాళంచెవి ఇటివ్వండి."