ఆరింటికి తెల్లారే ఇల్లు

టార్చి భళ్లున పగిలింది!

లోహిత చేతిలోని ఇనప కొక్కెం జారి ఖంగుమంది. రెండో చేతిలో గుడ్డ సంచి. సంచిలో రెండు పిల్లి కూనలు.

పరుగు!

నాలుగడుగులు. గోడ. కుడి పక్కకు... బోనుల వెనక, కీపర్లు తిరిగే సందులో కూలబడింది.

బయట ఇంకా ఎండ ఉంది. టైం ఐదూ నలభై. కానీ ఇది జూలో నిశాచరుల ఇల్లు. రాత్రి తిరిగే జంతువులను జనం పగలు చూడాలి కదా! అందుకే ఇక్కడ పగటిని రాత్రి చేశారు. కిటికీలు లేవు. నల్ల గోడలు. జనం కోసం నీలం బల్బులు. ఐదింటికి గేటు మూయగానే అవీ ఆర్పేస్తారు. ఇక కటిక చీకటి.

ఆరింటికి టైమర్ తిరిగి ఫ్లడ్ లైట్లు వెలుగుతాయి. లోకానికి పొద్దు గూకే వేళకు ఈ ఇంట్లో తెల్లారుతుంది.

సంచి కదిలింది.

నామాల పిల్లి కూనలవి. నుదుట తెల్ల చారలుండే చిన్న అడవిపిల్లి, ఎంత ఎదిగినా ఇంటి పిల్లిలో సగం ఉండదు. కార్వేటినగరం రోడ్డులోని ఈ చిన్న జూ ఏడేళ్లు ఎదురుచూస్తే పుట్టాయి. తొమ్మిది రోజులైంది. రెండు గంటలకోసారి పాలు పడాలి. లేదంటే దక్కవు.

మేత తెచ్చేసరికి బోను జాలీ కోసి ఉంది. కూనలు దొంగల సంచిలో ఉన్నాయి. ఆలోచించలేదు. కొక్కెంతో టార్చిని కొట్టి, సంచి లాక్కుంది. ధైర్యం అక్కడితో అయిపోయింది.

వచ్చింది ఇద్దరు, టార్చి పగలకముందే చూసింది. ఒకడి చేతిలో పిస్తోలు. రెండోవాడి ముఖానికి మఫ్లరు. వాడు ఇంతవరకు నోరు విప్పలేదు.

"నువ్వు తలుపు కాడ నిలబడు," పిస్తోలువాడి గొంతు. "సీకటి పడినాక వ్యాన్లో తిరుత్తణి దాటేస్తాం. ఈ పిల్ల యాడికి పోతాది?"

మఫ్లరువాడి అడుగుల చప్పుడు ఆమెకు జానెడు దూరంలోంచి తలుపు వైపు సాగింది. మలుపులో నీళ్ల కాలువ ఉంది. నిదానంగా దాటుకుని పోయాడు.

వెనకే పిస్తోలువాడు తడుముకుంటూ వచ్చాడు. కాలు కాలువలో పడింది. బూతు తిట్టాడు.

అంతలో ఒక కూన కీచుమంది!

అడుగులు ఆగిపోయాయి.

లోహిత సంచిలో చెయ్యి పెట్టి చిటికెన వేలు దాని నోటికి అందించింది. చీకడం మొదలుపెట్టింది. ఆకలి పాపం... ఏడుపొచ్చింది ఆమెకు.

ఆదిమూలం మామ ఉంటే బాగుండేది. ఈ ఇంటికి పెద్ద కీపరు. జ్వరమని మూడు రోజులుగా రావడం లేదు. నాయన పోయాక ఆ ఉద్యోగంలో చేరిన తనకు చెయ్యి పట్టి పని నేర్పింది ఆయనే. మొదటి రోజే చెప్పాడు.

"టైమరు టక్కుమంటాది పాపా. యెంటనే కండ్లు మూసుకో. పది లెక్కబెట్టి తెరువు. లేకుంటే కాసేపు గుడ్డిదానివే."

అదొక్కటే దారి. లైట్లు వస్తే వాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆ కాసేపట్లో తలుపు చేరాలి. చేరలేకపోతే... పట్టపగలంత వెలుగులో, మూడడుగుల సందులో, ఆమె ఎదురుగా పిస్తోలు!

వాచీ మీద రేడియం ముళ్లు. ఐదూ యాభై ఎనిమిది... తొమ్మిది...

ఆరు.

టక్కు లేదు!

పొద్దున కరెంటు పోయింది. టైమరు వెనకబడి ఉంటుంది. ఎంత? రెండు నిమిషాలా? పదా? గుర్తు రావడం లేదు.

పిస్తోలువాడు గోడ తడుముతున్నాడు. ముక్కుకు బీడీ కంపు. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

వేళ్లు ఆమె జడను తాకాయి!

టక్.

కళ్లు మూసేసింది. రెప్పల మీద ఎర్రగా వెలుగు. ఒకటి... రెండు... మూడు...

"అమ్మా... నా కండ్లు!"

ఆరు వరకే ఆగగలిగింది. తెరిచింది. వాడు మోచేత్తో ముఖం కప్పుకున్నాడు. వాడి చంక కింద నుంచి దూరింది. కాలువ దూకింది. తలుపు!

తలుపుకు అడ్డంగా మఫ్లరువాడు.

కళ్లు రుద్దుకోవడం లేదు. తూలడం లేదు. కళ్లు మూసుకుని ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు. మఫ్లరు కింద పెదవులు కదులుతున్నాయి.

లెక్కపెడుతున్నాడు...

లోహిత ఆగిపోయింది.

పది. కళ్లు తెరిచాడు.

ఆదిమూలం మామ.

జ్వరం లేదు. ఏమీ లేదు. తాళం పగలకుండా దొంగలు లోపలికి ఎలా వచ్చారో ఇప్పుడు అర్థమైంది. అరవాలనుంది.

"దొరికిందా?" సందులోంచి కేక.

ఆయన సంచి వైపు చూశాడు. ఆమె చిటికెన వేలు ఇంకా సంచిలో కూన నోట్లోనే ఉంది. అది నేర్పింది కూడా ఆయనే.

"లేదప్పా," అన్నాడు ఆదిమూలం. "ఎనక్కి పోయినట్టుండాది."

తలుపు మనిషి పట్టేంత తెరిచి ఆమెను బయటికి తోశాడు.

బయట మునిమాపు. వెనకే గొళ్లెం పడింది. లోపలి నుంచి!

"మామా..."

తలుపు తోసింది. కదల్లేదు. గేటు వైపు పరుగెత్తింది, వాచ్‌మన్ చెంగయ్యను పిలుస్తూ, సంచిని గుండెకు అదుముకుంటూ. వెనక తలుపు కింది సందులోంచి తెల్లటి వెలుగు పడుతోంది.

లోపల, ఆ వెలుగులో, పిస్తోలు పేలింది.